మూడో ట్రే

మార్చి 4, సోమవారం

చిన్నమేడం ఇవాళ నన్ను గాజు గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. ఏం తప్పు చేశానో అని నిలబడే ఉన్నాను.

"కూర్చో పిన్నీ. తిట్టడానికి కాదు."

వాళ్ళ నాన్నగారి హయాంలో ఈ పిల్ల బడి నుంచి నేరుగా వచ్చి నా బల్ల కింద దూరి బొమ్మలు గీసుకునేది. ఇప్పుడు సంస్థంతా తనే చూసుకుంటోంది. నేను మేడం అంటాను. తను మాత్రం నన్ను పిన్నీ అనడం, మా ఆయన్ని బాబాయ్ అనడం మానలేదు.

కాగితం స్లిప్పులు ఇక చాలంది. రోగికి మంచం అద్దెకి కావాలని ఒక ఇంటి నుంచి ఫోన్ వచ్చాక, అది ఆ ఇంటికి చేరేదాకా మన దగ్గర ఏమేం జరుగుతుందో వరసగా చెప్పమంది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే అయినా ఎవరూ ఇలా కూర్చోబెట్టి అడగలేదు. వేళ్ళు మడుస్తూ చెప్పాను. మొదటి ట్రే ఫోన్ పిల్లది, ఎవరికి ఏం కావాలో స్లిప్పు రాస్తుంది. రెండోది నాది, డాక్టరు చీటీతో సరిపోల్చి అడ్రసు చూస్తాను. మూడోది ఆయనది. సామాను తనిఖీ చేసి, ఆ ఇంటికి ఫోన్ చేసి, అప్పుడు స్లిప్పు మీద టిక్కు పెడతారు. నాలుగోది వ్యాను డ్రైవరుది, నేను తమ్ముడూ అని పిలుస్తాను. రోగికి నయమయ్యాక తిరిగొచ్చే మంచాలు, చక్రాల కుర్చీలు ఐదో ట్రే.

నయమైతేనే తిరిగొస్తాయని కాదు. నేను అలాగే చెప్తాను.

"మూడో ట్రేలో పూటంతా ఎందుకు ఆగుతాయి పిన్నీ?"

"ఫోన్ చేస్తారు కదమ్మా."

"ఒక్క ఫోన్‌కి పూట పడుతుందా?"

జవాబు ఉంది, కానీ ఆయన గురించి నేనే చెబితే మొగుణ్ణి వెనకేసుకొచ్చినట్టు ఉంటుందనిపించింది.

స్లిప్పుల పని దానంతటదే నడిపించే సాఫ్ట్‌వేర్లట. మూడు కంపెనీలవాళ్ళు ఉచితంగా వాడి చూడమని ఇచ్చారట. వారానికి ఒకటి చొప్పున నిజం పనితోనే నడిపి చూసి, మూడింటినీ పోల్చి, ఏది మనకి పనికొస్తుందో నన్ను రాయమంది.

"నేను హైస్కూలు దాటలేదమ్మా."

"అమ్మేవాళ్ళందరూ పెద్ద చదువులవాళ్ళే పిన్నీ. ముగ్గురూ తమదే గొప్ప అంటున్నారు. స్లిప్పు ఎక్కడ ఇరుక్కుంటుందో తెలిసింది నీకే."

ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చుని అడిగాను, తండ్రీ, ఈ పని నాకెందుకు అప్పగించావు అని. పక్క గదిలోంచి ఆయన, "నీకు కాకపోతే ఎవరికి అప్పగిస్తాడు, డ్రైవరుకా?" అన్నారు. పైకే అన్నానన్నమాట.

మార్చి 5, మంగళవారం

ఆయన ఎడమ భుజం మళ్ళీ తలుపు చెక్కకి కొట్టుకుంది. ఈ ఇల్లు ఇరుకు.

మార్చి 6, బుధవారం

మొదటి సాఫ్ట్‌వేర్ ఇవాళ మొదలు. తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. ఫోన్ పిల్ల వివరాలు కొట్టగానే నా దగ్గర టింగ్ అంటుంది. నేను నొక్కితే ఆయన దగ్గర టింగ్. ఆయన నొక్కితే నేరుగా డ్రైవరు ఫోన్ మోగుతుంది. ఎవరూ కుర్చీలోంచి లేవక్కర్లేదు. పది నిమిషాల్లో నొక్కకపోతే పేరు పసుపు పచ్చగా మారుతుంది, అరగంటకి ఎర్రబడుతుంది. ఎర్రబడితే మేడం ఫోన్‌కి కబురు వెళ్తుంది. దీనికి మనసులో తొందరది అని పేరు పెట్టుకున్నాను.

డ్రైవరు తమ్ముడు పొద్దున్నే వచ్చి మొత్తుకున్నాడు. "అక్కా, ఇది మా అమ్మ కన్నా ఘోరం. ఆవిడ మూడు కేకలేసి ఊరుకుంటుంది."

ఆయన ట్యాబ్‌ని ముక్కు దాకా తీసుకొచ్చి, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చి, "కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను" అన్నారు. అప్పటికి ఆయన పేరు పసుపు పచ్చగా అయింది.

"ఇటివ్వండి" అని నేనే నొక్కాను. ఫోన్ ఎలాగూ వ్యాను కదిలేలోపు చేస్తారు. భోజనాల వేళ నంబర్లు చదివి చెప్పాను, వరసగా అన్ని ఇళ్ళకీ చేశారు. ముందు నొక్కితే ఏం, వెనక చేస్తే ఏం? ఎర్ర రంగు ఆయన పేరు మీద పడకుండా ఉంటే చాలు.

ఇవాళ్టికే.

మార్చి 7, గురువారం

ఇవాళ కూడా కళ్ళద్దాలు మర్చిపోయారు. తొమ్మిది నొక్కాను.

మార్చి 8, శుక్రవారం

తొందరదాని గురించి రాసుకోవాల్సినవి. వేగం నిజమే. నేను రోజుకి ఎన్నిసార్లు లేచి ట్రేల దగ్గరికి నడిచేదాన్నో ఇప్పుడు కూర్చుంటే తెలుస్తోంది, మోకాళ్ళు దీవిస్తున్నాయి. కానీ ఎవరైనా సెలవు పెడితే దానికి తెలియదు. నిన్న ఫోన్ పిల్ల పంటి నొప్పితో మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయింది, సాయంత్రం దాకా ఆమె పేరు ఎర్రగా మండుతూ ఉంది, పంటి నొప్పి తనదో ట్యాబ్‌దో అన్నట్టు.

మధ్యాహ్నం ఆయన ఫోన్లు చేస్తుంటే విన్నాను. ఇన్నేళ్ళుగా పక్క బల్లే అయినా, వినడం మానేసి చాలా కాలమైంది.

"అమ్మా, మంచం పంపుతున్నాం. ఒక్క మాట. పెద్దాయన మంచినీళ్ళ గ్లాసు ఏ చేత్తో అందుకుంటారు? కుడా? మంచం గోడవైపా, గది మధ్యలోనా? గుమ్మం దగ్గర మెట్టు ఉందా? మీరు రాత్రి ఆయన పక్కనే పడుకుంటారా, వేరే గదిలోనా?"

ఏ చేత్తో గ్లాసు అందుకుంటారో తెలిస్తే ఏ పక్క నుంచి దిగుతారో తెలుస్తుంది. మంచానికి ఒక పక్క కమ్మీ కదలదు, రెండో పక్కది కిందికి దిగుతుంది. దిగేది ఎటు ఉండాలో చూసుకుని బోల్టులు బిగిస్తారు. రోగికి ఏ పక్క బలం ఉందని అడిగితే ఇంట్లోవాళ్ళు కంగారుపడి తప్పు చెప్తారట, గ్లాసు అని అడిగితే కళ్ళకి కట్టినట్టు చెప్తారట. ఇది ఎవరూ ఆయనకి నేర్పలేదు. ఎక్కడా రాసి కూడా లేదు.

కళ్ళద్దాలు మర్చిపోయారు.

మార్చి 10, ఆదివారం

గ్లాసులో నీళ్ళు పోయబోయి పక్కన పోశారు. బల్ల తుడిచాను. ఆయన చూడలేదు, నేనూ చూడనట్టే ఉన్నాను. ముక్కాలి పీట దారిలోంచి తీసి గోడకి పెట్టాను.

మార్చి 13, బుధవారం

రెండోది. ఇది పంతులమ్మ. పేరు, వయసు, ఎత్తు, బరువు, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, పదిహేడు గళ్ళు. ఒక్కటి ఖాళీగా ఉన్నా ముందుకి కదలనివ్వదు.

"ఆంటీ, ఉద్యోగానికి వచ్చినప్పుడు నన్ను కూడా ఇన్ని అడగలేదు" అని ఫోన్ పిల్ల గునిసింది.

మంచి గుణాలూ ఉన్నాయి. ఎవరైనా రాకపోతే వాళ్ళ పని ఎవరికి పోవాలో ముందే చెప్పి పెట్టుకోవచ్చు. వారం చివర పటాలు గీసి చూపిస్తుందట, ఎవరి దగ్గర ఎంతసేపు ఆగిందీ. చెడ్డ గుణం, పొరపాటున నొక్కింది వెనక్కి తీసుకోవడానికి లేదు. కంపెనీకి ఉత్తరం రాయాలి.

కళ్ళద్దాలు మర్చిపోయారు. పది.

మార్చి 15, శుక్రవారం

ఆయన చొక్కా ఉతకబోతే జేబులో కళ్ళద్దాల పెట్టె ఉంది. కళ్ళద్దాలు అందులోనే ఉన్నాయి.

పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. 

మార్చి 16, శనివారం

పొద్దున ప్రార్థన దగ్గర మనసు నిలవలేదు. తండ్రీ, నేను ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి గురించీ చెడు చెప్పలేదు. ఒక గడి నొక్కుతున్నాను, అంతే. పక్కవాడి బరువు కాస్త పట్టుకుంటే దాన్ని అబద్ధమంటారా?

అడిగాను కానీ జవాబు కోసం ఆగకుండా లేచిపోయాను.

ఎనిమిది.

మార్చి 18, సోమవారం

పటాలు వచ్చాయి. నేను పదకొండింటికి ఆయనకి నంబర్లు చదవబోతుండగా మేడం పిలిచింది.

"చూశావా పిన్నీ! మూడో ట్రే! బాబాయ్ దగ్గర పూటంతా ఆగేవి, ఇప్పుడు రెండు నిమిషాలు. రెండంటే రెండు!"

నాకు సంతోషమేసింది. ఒక్క క్షణం సంతోషమేసిందని రాయకపోతే ఇది డైరీ కాదు.

తర్వాత తను కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. రెండు నిమిషాల్లో అయిపోయే పనికి ప్రత్యేకంగా ఒక మెట్టు ఎందుకని సాఫ్ట్‌వేరే సలహా ఇస్తోందట, మూడోది తీసేసి నా దగ్గర నుంచి నేరుగా వ్యానుకి పంపమని. "నేనూ ఆలోచించాను. బాబాయ్‌ని వెనక షెడ్డులోకి మారుద్దాం, తిరిగొచ్చిన సామాను చూసుకుంటారు. లేదూ, విశ్రాంతి తీసుకుంటానంటే హాయిగా ఇంటి దగ్గరే ఉంటారు. ఎన్నేళ్ళు కష్టపడ్డారు! నీ రిపోర్టు రాగానే సంతకం పెట్టేస్తాను."

ప్రేమతోనే అంది. 

ఆయన మీద ఎర్ర రంగు పడకూడదని నొక్కాను. ఇప్పుడు ఆయన పనే లేకుండా పోతోంది. పూటంతా ఆగిన స్లిప్పులో ఆయన చేసిన ఫోన్లున్నాయి. రెండు నిమిషాల్లో నా వేలు తప్ప ఏముంది?

బల్ల దగ్గరికి వచ్చాక ఏం చేశానో గుర్తులేదు. సాయంత్రం దాకా నొక్కుతూనే ఉన్నాను. ఆయన చక్రాల కుర్చీ బ్రేకు బాగుచేసుకుంటూ, "ఇవాళ నంబర్లు చదవలేదేం?" అన్నారు. "చదువుతాను" అన్నాను.

కొన్ని చదివాను.

మార్చి 19, మంగళవారం

రెండో వారం అయిపోయింది. మూడోది రేపు.

మార్చి 20, బుధవారం

నెమ్మదిగా రాస్తాను.

పొద్దున ఫోన్ పిల్ల, "ఆంటీ, మిమ్మల్నే అడుగుతున్నారు" అని ఫోన్ ఇచ్చింది. ముసలి గొంతు.

"అమ్మా, మీ దగ్గర గ్లాసు సంగతి అడిగే ఆయన ఉండేవారు. పోయారా?"

"అయ్యో, లేదండీ. ఉన్నారు."

"ఉన్నారా! బతికుండే అడగలేదా? నేను ఆయనకేమైనా అయిందనుకున్నాను."

ఆమె దర్జీ. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. రెండేళ్ళ కిందట వాళ్ళాయన కోసం మన దగ్గరే మంచం తీసుకుంది. ఇప్పుడు తనకే కుడి చేయీ కాలూ పడిపోయాయి. నిన్న పొద్దున మంచం వెళ్ళింది. డ్రైవరు తనకి తోచినట్టు గోడకి ఆనించి బిగించి వచ్చాడు. ఆమె బాగున్న ఎడమ చెయ్యి గోడవైపు పడింది. పడిపోయిన పక్క గదిలోకి.

"పదకొండింటికి మా వాడు పడుకోబెట్టి పనికి వెళ్ళాడమ్మా. సాయంత్రం వాడు వచ్చేదాకా దిగలేకపోయాను. గ్లాసు ఇటు పక్క బల్ల మీదే ఉంది. కనబడుతూనే ఉంది."

 దిగలేని మనిషి పూటంతా ఇంకేం పడి ఉంటుందో ఆడదాన్ని, నాకు చెప్పక్కర్లేదు.

సోమవారం నేను చదవని నంబర్లలో ఆమెది ఒకటి.

ఆయనకి చెప్పాను. చేతిలో స్పానరు కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, "వ్యాను తీయమను" అన్నారు. నేనూ ఎక్కాను. డ్రైవరు తమ్ముడు దారంతా, "నాకు బటన్ వచ్చింది, తీసుకెళ్ళాను, నా తప్పేముంది అక్కా" అంటూనే ఉన్నాడు. వాడి తప్పేమీ లేదు.

చిన్న గది. కిటికీ కింద కుట్టు మిషను, దాని మీద దుమ్ము పడకుండా ఒక పాత దుప్పటి. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన మంచం తల అటుది ఇటు తిప్పించి, కమ్మీలు రెండూ విప్పి మార్చారు. బోల్టులు విప్పుతున్నప్పుడు చూశాను. చూపు బోల్టు మీద లేదు, ఎటో ఎదురుగా గోడ మీద ఉంది. వేళ్ళే వెతుక్కున్నాయి, వేళ్ళే బిగించాయి. ఎంత నేర్పరి వేళ్ళు! ఎన్నాళ్ళ నుంచి అలా చేస్తున్నారో.

ఆమె ఆయన ఎడమ పక్కన కూర్చుని ఉంది. కబుర్లు చెబుతూ బాగున్న చెయ్యి ఎత్తి ఆయన చెంపకి జానెడు దూరంలో అటూ ఇటూ ఊపింది. ఆయన, "పరుపు గట్టిగా ఉందామ్మా, మెత్తగా ఉందా?" అని అడుగుతూనే ఉన్నారు, తల తిప్పలేదు. ఆమె నావైపు చూసింది. నేను మిషను మీది దుప్పటి సర్దాను.

వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చిన్నగా అంది. "యాభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించానమ్మా. కళ్ళ సంగతి నాకు చెప్పకు. నీకు తెలుసు కదూ?"

"తెలుసండీ" అన్నాను.

మొదటిసారి పైకి అన్నది ఆమెతోనే. ఆయనతో కాదు, దేవుడితో కూడా కాదు.

మార్చి 21, గురువారం

కాఫీ తాగుతూ ఆయనే అన్నారు. "నువ్వు నొక్కుతున్నావని నాకు తెలుసు. నొక్కినప్పుడల్లా టింగ్ అనేది. చెవులు బాగానే ఉన్నాయి నాకు."

"మరి ఊరుకున్నారేం?"

"నువ్వు నొక్కుతుంటే నాకు కనబడుతున్నట్టే ఉండేది."

కప్పు కడిగే నెపం మీద లేచాను. కాసేపటికి వెనక నుంచి, "పక్కలు పోయాయి. ఎదురుగా ఉన్నది బాగానే ఉంది. నువ్వు ఎదురుగా నిలబడితే బాగానే ఉన్నావు" అన్నారు.

"పక్కన నిలబడితే?"

"గొంతు వినబడుతుంది. అది ఎలాగూ చిన్నదే."

నవ్వాను. ఏడవబోయి నవ్వాను. చొక్కా వేసుకుంటూ, "చిన్నమేడంకి కళ్ళ సంగతి చెప్పకు. షెడ్డులో కూర్చోబెడితే కూర్చుంటాను. జాలి పడితే మాత్రం ఒక్క పూట కూడా ఉండలేను" అన్నారు.

మార్చి 22, శుక్రవారం

రిపోర్టు మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. మూడో ట్రే దాకా బాగానే వస్తుంది.

మూడో సాఫ్ట్‌వేర్‌కి నిదానం అని పేరు పెట్టాను. చప్పుడు చేయదు. రంగు మారుతుంది కానీ ఎవరికీ చాడీలు చెప్పదు. పొరపాటు నొక్కితే వెనక్కి తీసుకోవచ్చు, ఎవరు తీసుకున్నారో రాసుకుంటుంది. గళ్ళు మూడే ఉన్నాయి, మిగతావి మనం కావాలంటే పెట్టుకోవాలి. మన ప్రశ్న మనం రాసుకుని, దానికి జవాబు వచ్చేదాకా ముందుకి పోకుండా ఆపుకోవచ్చు. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఇది వచ్చాక ఒక్కటి కూడా నొక్కలేదు. మూడో ట్రే నిండా ఎరుపు. నంబరు నేను చదువుతున్నాను, ఆయన ఫోన్ చేస్తున్నారు, చేశాక ట్యాబ్ మీద తల పెట్టి వెతుక్కుని నొక్కుతున్నారు. మేడం రెండుసార్లు గాజులోంచి తొంగి చూసింది.

మార్చి 23, శనివారం

పొద్దున ప్రార్థన దగ్గర ఈసారి లేవలేదు, ఆగాను. మాటలేమీ వినబడలేదు. కానీ లేచేసరికి ఏం చేయాలో తెలుసు.

గుమ్మంలో ఆయనతో అన్నాను. "ఇవాళ మేడంకి చెప్తున్నాను."

ఆయన మొహం గట్టిపడింది. "వద్దన్నానా?"

"మీ కళ్ళ గురించి కాదు. నా వేలు గురించి. మీ కళ్ళు మీవి, చెప్పుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం."

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయనకి ఎదురు చెప్పింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గొంతు పెంచకుండానే చెప్పాను. 

మేడంతో నిలబడే చెప్పాను. మొదటి రెండు వారాలూ మూడో ట్రే నేనే నొక్కానని, ఫోన్ చేయకముందే నొక్కానని, అందుకే ఒక ముసలావిడ పూటంతా మంచం మీద ఉండిపోయిందని.

"ఎన్నిసార్లు నొక్కావు పిన్నీ?"

"నూట ఆరు."

"లెక్కపెట్టావా?"

"రాసుకున్నానమ్మా."

తను బల్ల మీది పెన్ను తీసి తిప్పింది. "ఆ రెండు నిమిషాల పటం చూసి వచ్చే వారం సంతకం పెట్టేదాన్ని. నిన్ను నమ్మి. ఇంకెవరైనా ఈ పని చేసుంటే..."  కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. చిన్నప్పుడు రంగు పెన్సిలు విరిగితే ఇలాగే చూసేది. నేను తల వంచుకుని నిలబడ్డాను, ఆ కోపం నాకు రావాల్సిందే.

"ఎందుకు నొక్కావు?"

దానికి జవాబు ఇస్తే ఆయనకిచ్చిన మాట తప్పినట్టే. 

తలుపు తెరుచుకుంది. ఆయన. గుమ్మం ఎడమ చెక్కని చేత్తో తడుముకుని, భుజం తగలకుండా జాగ్రత్తగా లోపలికి వచ్చారు.

"నాకు సరిగా కనబడదమ్మా. అందుకు నొక్కింది" అన్నారు.

మేడం ముందు ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. అప్పుడు లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. పక్కన కాదు, ఎదురుగా. ఎవరూ చెప్పకుండానే.

"బాబాయ్, ఆ పూటంతా ఏం అడిగేవాళ్ళో నాకు ఒక్కసారి చెప్పండి."

గ్లాసు దగ్గర మొదలుపెట్టారు. ముప్పావుగంట చెప్పారు.

మార్చి 25, సోమవారం

రిపోర్టు ఇచ్చాను. ఒక పేజీయే. దాచుకోవడానికి చివరి భాగం ఇక్కడ రాసుకుంటున్నాను.

"మొదటిది వేగంగా పోతుంది. మనిషి ఒక ఇంటి గురించి ఆలోచిస్తూ ఆగితే దాన్ని ఆలస్యం అంటుంది. రెండోది అన్నీ అడుగుతుంది, రోగి ఎటు దిగుతాడన్నది తప్ప. మూడోదానికి మన పని గురించి ఏమీ తెలియదు, కానీ మనం చెబితే వింటుంది. కాబట్టి మూడోది తీసుకోవచ్చని నా అభిప్రాయం. అయితే ఏది తీసుకున్నా, ఒకరి గడి ఇంకొకరు నొక్కితే అది చూపించేవన్నీ తప్పులే. ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు."

మేడం చదివి, "దీన్ని ఆ ముగ్గురు అమ్మేవాళ్ళకీ పంపనా పిన్నీ?" అంది. కోపం పూర్తిగా పోలేదు, కానీ పిన్నీ అంది.

మార్చి 26, మంగళవారం

కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి. నీటికాసులట. కంటి లోపల ఒత్తిడి పెరిగి పక్క చూపు తినేస్తుందట, నొప్పి కూడా లేకుండా.

"పోయింది తిరిగి రాదు. ఉన్నది పోకుండా కాపాడుకోవచ్చు. చుక్కల మందు రోజుకి రెండుసార్లు, వేళ తప్పకూడదు" అంది. ఒక ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే అని ఏదో అనబోయి నా మొహం చూసి ఆపేసింది.

ఈ పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. మార్చి ఐదున ఇల్లు ఇరుకు అని రాశాను.

ఇల్లు ఇరుకు కాదు.

మార్చి 27, బుధవారం

చుక్కలు వేశాను. ఆయన తల నా ఒళ్ళో. కళ్ళు మూసుకుని, "ఇంతకీ ఆ మూడింట్లో ఏది గెలిచింది?" అని అడిగారు.

ఏప్రిల్ 1, సోమవారం

నిదానమే. ఇవాళ్టి నుంచి ట్రేలు బీరువా మీదికి ఎక్కాయి. డ్రైవరు తమ్ముడు మూడో ట్రేని మాత్రం దించి, తన టిఫిను డబ్బా పెట్టుకుంటానని వ్యానులోకి తీసుకుపోయాడు.

మూడో మెట్టు అలాగే ఉంది. మేడం అందులో ఒక్క ప్రశ్న పెట్టించింది. "మంచినీళ్ళ గ్లాసు ఏ చేత్తో అందుకుంటారు?" ఆ గడి నిండేదాకా ఏ మంచమూ కదలదు. నంబరు ఫోన్ పిల్ల చదువుతుంది, మాట్లాడేది ఆయన, విని జవాబు రాసేది ఫోన్ పిల్ల, చివర నొక్కేది ఆయనే. ఆ పిల్ల ఆయన ప్రశ్నలన్నీ నేర్చుకుంటోంది. ఇవాళ అచ్చం ఆయనలాగే, "ఒక్క మాట అమ్మా" అని మొదలుపెడితే నవ్వాపుకోలేకపోయాను.

"ఏంటంకుల్, బాగా అడగలేదా?"

"బాగా అడిగావు. కానీ అడిగి ఊరుకోవాలి తల్లీ. వాళ్ళు గుర్తు చేసుకోవడానికి టైమివ్వాలి."

దర్జీ ఆవిడకి నేను ఫోన్ చేశాను. తప్పు నాదేనని చెప్పాను.  తర్వాత, "మీ ఆయన్ని డాక్టరుకి చూపించావా?" అంది. "చూపించానండీ" అన్నాను. "అయితే సరే" అంది. ఎడమ చేత్తో గుండీలు కుట్టడం మొదలుపెట్టిందట.

ఏప్రిల్ 4, గురువారం

పొద్దున తొమ్మిదింటికి నా ట్యాబ్‌లో కొత్త స్లిప్పు ఒకటి వచ్చింది. ఫోన్ పిల్ల కొట్టింది. ఎవరు చెప్పి కొట్టించారో చదవగానే తెలిసింది.

కావాల్సింది: మంచం కాదు, కుర్చీ కాదు. చుక్కల మందు. రోజుకి రెండుసార్లు.

ఎన్నాళ్ళకి: ఉన్నన్నాళ్ళూ.

మంచినీళ్ళ గ్లాసు ఏ చేత్తో అందుకుంటారు: మా ఆవిడ చేత్తో.

తలెత్తి చూస్తే ఫోన్ పిల్ల ట్యాబ్ వెనక మొహం దాచుకుంది. ఆయన ఏమీ ఎరగనట్టు ఒక చక్రం తిప్పి చూసుకుంటున్నారు.

చుక్కలు వేసి వచ్చి రెండో మెట్టు నేను నొక్కాను. మూడోది ఆయనది, చుక్కలు పడ్డాయని తనే నొక్కాలి. పది నిమిషాలకి పసుపు పచ్చ అయింది. నా చెయ్యి బల్ల మీద ఉంది. అరగంటకి ఎరుపు.

ఆయన చక్రం పక్కన పెట్టారు. చేతులు తుడుచుకున్నారు. ట్యాబ్ ముక్కు దాకా తెచ్చుకుని, తల అటు కొంచెం ఇటు కొంచెం తిప్పి, వెతుకుతున్నారు. గడి అక్కడే, కుడి పక్కన, నాకు ఇక్కడి నుంచే కనబడుతోంది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది.

చాలాసేపు పట్టింది.

చప్పుడేమీ రాలేదు. ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది.

నేను నొక్కలేదు.